అందరికీ ఒకే పుస్తకం ఇచ్చేస్తే సమానం అయిపోదండీ: విశాఖ బడుల బాధ్యత చూసేవాళ్లకి బహిరంగ లేఖ

విద్యాశాఖ అధికారులకీ, నగరపాలక పెద్దలకీ, ఊళ్లో ప్రైవేటు స్కూళ్లు నడిపే యాజమాన్యాలకీ నమస్కారం.

మీ టైం విలువైందని తెలుసు కాబట్టి సూటిగా విషయానికి వచ్చేస్తాను. మాది కంచరపాలెం వైపు కొండవాలు మీద ఉన్న ఒక కాలనీ. పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు వెళ్లి మా హెడ్మాస్టారి మీద పడతారు, ఆయన పాపం ఉన్న కొద్దిమంది టీచర్లతో చేతనైనంత చేస్తున్నారు. నేను పగలు ఒక షాపులో లెక్కలు రాస్తాను, సాయంత్రం కాలనీ పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తాను, స్కూలు తల్లిదండ్రుల కమిటీలో కూడా ఉన్నాను. మా దగ్గర శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కూలీలున్నారు, రాయగడ, కోరాపుట్ నుంచి వచ్చిన ఒడియా మేస్త్రీలున్నారు, తరాలుగా ఈ ఊరి రోడ్లు ఊడుస్తున్న రెల్లి కుటుంబాలున్నాయి, పాడేరు, అరకు వైపు నుంచి దిగొచ్చిన ఆదివాసీలున్నారు, ఈ మధ్య బీహార్ వాళ్లు కూడా వచ్చారు. వీధి కుళాయి దగ్గర కాసేపు నిలబడితే నాలుగైదు భాషలు వినపడతాయి. అదే పిల్లలు బడికెళ్తే తెలుగూ ఇంగ్లీషూ తప్ప ఇంకోటి వినపడదు, వాళ్ల నోట్లోంచైతే ఏదీ రాదు, ఎందుకంటే వాళ్లు వెనక బెంచీలో కూర్చుని ఉంటారు.

అసలు బడి దాకా చేరని వాళ్ల సంగతి ఇంకోటి. టీసీ లేదు, ఆధార్ లేదు, ఉన్న ఆధార్‌లో ఒడిశా అడ్రసు ఉంది, పుట్టిన తేదీ తప్పుంది, ఇలాంటివి చెప్పి వెనక్కి పంపేస్తున్నారు. "మా గుంటని వచ్చే ఏడు తీసుకురమ్మన్నారు బాబూ" అని తల్లులు వచ్చి చెప్తారు, వచ్చే ఏటికి వాళ్లు ఈ ఊళ్లో ఉంటారో ఇంకో సైటుకి పోతారో వాళ్లకే తెలీదు.

ఇదంతా రాసి అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. ఎవరు పరిష్కరించారో, ఎక్కడ పరిష్కరించారో మాకైతే కనపడలేదు. వెళ్లి అడిగితే అక్కడున్న ఒక పెద్దాయన, కోప్పడలేదు లెండి, మామూలుగానే అన్నారు: "అందరికీ ఒకే పుస్తకాలు ఇస్తున్నాం, ఒకే యూనిఫాం ఇస్తున్నాం, ఒకే భోజనం పెడుతున్నాం, ఇంతకంటే సమానం ఏటుంటుంది?" ఆయన మనసులో కల్మషం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు. చాలామంది అలాగే అనుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం అందరి ముందూ రాస్తున్నాను, ఎందుకంటే ఆ మాటకి జవాబు ఇప్పుడు కొత్తగా నేను చెప్పక్కర్లేదు, ఎప్పుడో చెప్పేశారు.

మనలాంటి ఓడరేవు ఊరే శాన్‌ఫ్రాన్సిస్కో. అక్కడి స్కూళ్లలో ఇంగ్లీషు రాని చైనా కుటుంబాల పిల్లలు 2,800 మందికి పైగా ఉంటే, వాళ్లలో ఒక వెయ్యి మందికి మాత్రం ఇంగ్లీషులో అదనంగా సాయం చేసి మిగతా 1,800 మందిని మామూలు క్లాసుల్లో కూర్చోబెట్టేశారు. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. స్కూలు బోర్డు వాదన సరిగ్గా మన పెద్దాయన మాటే, అందరికీ ఒకే పుస్తకాలు, అదే టీచర్లు, అదే సిలబస్ ఇస్తున్నాం కదా, వివక్ష ఎక్కడుంది అని. కింది కోర్టులు సరేనన్నాయి కూడా. 1974 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు లా వర్సెస్ నికోల్స్ కేసులో ఒక్క జడ్జి కూడా విభేదించకుండా దాన్ని కొట్టేసింది. క్లాసులో మాట్లాడేదే అర్థం కాని పిల్లాడికి అదే పుస్తకం, అదే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదు, వాడికి చదువు తలుపు మూసేసినట్టే అని తేల్చారు. యాభై ఏళ్లు దాటిపోయింది ఆ తీర్పొచ్చి.

అమెరికా సంగతి మనకెందుకండీ అంటారేమో, అయితే మన పక్కకే వద్దాం. ప్రతి ఆగస్టు 29న మీరే ప్రతి స్కూల్లో తెలుగు భాషా దినోత్సవం చేయిస్తారు, గిడుగు రామమూర్తి గారి ఫోటోకి దండ వేయిస్తారు, పిల్లలతో వ్యాసాలు రాయిస్తారు. ఆ గిడుగు గారు హైస్కూలు చదివింది విశాఖలోనే, తండ్రి పోయాక మేనమామ ఇంట్లో ఉండి 1879 దాకా ఇక్కడే చదువుకున్నారు. తర్వాత పర్లాకిమిడి రాజా గారి స్కూల్లో టీచరు ఉద్యోగం. అక్కడ కొండల మీంచి దిగే సవర ఆదివాసీలని చూసి, వాళ్లకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తను నేర్చుకోవాలనుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు, సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టి టీచర్లకి జీతాలు తన జేబులోంచే ఇచ్చారు. 1913లో మద్రాసు ప్రభుత్వం ఆయనకి రావు బహదూర్ బిరుదు ఇచ్చింది ఈ పని మెచ్చుకునే. మనం మాత్రం వాడుక భాష గొడవ ఒక్కటి గుర్తుపెట్టుకుని సవర బళ్ల సంగతి వదిలేశాం. ఏడాదికోసారి ఆయనకి దండ వేసే స్కూల్లోనే సవర పిల్లో, కువి అనే కొండ భాష మాట్లాడే పిల్లో నోరు తెరవలేక కూర్చుంటే ఆ దండ దేనికి?

అంతెందుకు, ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వమే ఈ దారిలో కొంత దూరం వెళ్లింది. 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా, మొత్తం 8 భాషల్లో ఒకటో తరగతి నుంచి ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి, ఇంగ్లీషులోకి తీసుకెళ్లే పద్ధతి పెట్టారు, తెలుగు లిపిలోనే పుస్తకాలు వేశారు. అంటే మన దగ్గర చేసిన అనుభవం ఉంది, పుస్తకాలు ఉన్నాయి, ఆ భాషల్లో చెప్పగలిగే మనుషులు ఉన్నారు. అయితే అదంతా ఏజెన్సీకే అనుకున్నారు. ఆదివాసీ కుటుంబం కొండ దిగి విశాఖలో బిల్డింగ్ పనికి వచ్చేసరికి ఆ పిల్లాడి భాష కూడా కొండమీదే ఉండిపోయినట్టు లెక్క రాసేస్తున్నారు. వాడి చేతిలో పెట్టే పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. రెండూ వాడివి కావు.

ఇంకో మాట కూడా వినాల్సొచ్చింది, ఒడియా వాళ్లు ఒడిశాలో చదువుకోవచ్చు కదా అని. అలాగైతే ముంబై కార్పొరేషన్ వాళ్లు మన కూలీల పిల్లల కోసం తెలుగు మీడియం బళ్లు ఎందుకు నడిపారండీ? మీ ఊరెళ్లి చదువుకోండి అని వాళ్లూ అనొచ్చు కదా. రాజ్యాంగంలో 350ఎ అనే అధికరణం 1956లో చేర్చారు, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చెప్పే సౌకర్యం కల్పించడానికి ప్రయత్నించాలని. అది రాష్ట్రానికే కాదు, స్థానిక సంస్థలకి కూడా అని అక్కడే రాసుంది. అంటే కార్పొరేషన్‌కి కూడా.

ఈ సమాన అవకాశం కథ మన దేశంలో ఎంత నత్తనడక నడిచిందో ఒక్కసారి చూడండి. 1848లో పుణెలో జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే ఆడపిల్లలకి బడి పెట్టారు. 1882లో చదువుల సంగతి చూడ్డానికి బ్రిటిష్ వాళ్లు వేసిన హంటర్ కమిషన్ ముందు ఫూలే చెప్పింది ఏటంటే, రైతు కట్టే పన్నుతో పైవాళ్ల పిల్లలకి పెద్ద చదువులు చెప్పిస్తున్నారు, ముందు పన్నెండేళ్ల దాకా అందరికీ ప్రాథమిక విద్య తప్పనిసరి చేయండి అని. 1911లో గోఖలే తప్పనిసరి ప్రాథమిక విద్య కోసం బిల్లు పెడితే మరుసటేడు ఓడించేశారు. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 45వ అధికరణంలో పదేళ్లలో అందరికీ ఉచిత విద్య అన్నారు, అంటే 1960కి అయిపోవాలి. కొఠారీ కమిషన్ 1966లో కలెక్టర్ కొడుకూ కూలీ కొడుకూ ఒకే పేట బడిలో చదివే కామన్ స్కూల్ పద్ధతి కావాలంది, దాన్ని గౌరవంగా బీరువాలో పెట్టారు. 1993లో మన రాష్ట్రమే ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అంది, 2002లో ఆ హక్కుని రాజ్యాంగంలోనే రాస్తూ 21ఎ అధికరణం వచ్చింది, 2009లో విద్యాహక్కు చట్టం, అమలు 2010 ఏప్రిల్ 1 నుంచి. ఫూలే అడిగింది చట్టమై అమల్లోకి రావడానికి 128 ఏళ్లు పట్టింది. చట్టం వచ్చీసాక కూడా గేటు దగ్గర ఆపేస్తే ఇంక ఎవరిని అడగాలి?

తీర్పు రాగానే, జీవో రాగానే అయిపోదు అనడానికి అమెరికాదే ఇంకో ముక్క చెప్తాను. నల్ల పిల్లలకి వేరే బళ్లు పెట్టినా సౌకర్యాలు సమానంగా ఉంటే చాలు అనే మాట 1896లో ఒక రైలు పెట్టెల కేసు నుంచి వచ్చింది. 1954 మే 17న బ్రౌన్ కేసులో దాన్ని కొట్టేశారు, వేరు చేయడమే అసమానం అన్నారు. 1957లో లిటిల్ రాక్ అనే ఊళ్లో తొమ్మిది మంది పిల్లలు తెల్లవాళ్ల హైస్కూలుకి వెళ్లాలంటే ప్రెసిడెంటు సైన్యాన్ని పంపాల్సొచ్చింది. తీర్పొచ్చి పదేళ్లయినా దక్షిణాదిలో తెల్లవాళ్లతో కలిసి చదివే నల్ల పిల్లలు నూటికి ఇద్దరు ముగ్గురికి మించలేదు. ఇంకో ఘోరం ఎక్కువమందికి తెలీదు, బళ్లు కలిపేటప్పుడు నల్లవాళ్ల బళ్లు మూసేసి అక్కడి టీచర్లని వేల సంఖ్యలో ఇంటికి పంపేశారు. పిల్లలు కలిశారు గానీ వాళ్ల ఇంటి సంగతి తెలిసిన టీచరు పోయారు.

ఇది చదివినప్పుడు నాకు మన జీవో 3 గుర్తొచ్చింది. ఏజెన్సీ బళ్లలో మైదానం నుంచి వెళ్లే టీచర్లు సరిగా ఉండట్లేదని, షెడ్యూల్డ్ ఏరియాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలని 2000 జనవరిలో ఆ జీవో ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోని కొట్టేసింది. కోర్టు లెక్క కోర్టుకుంది, దాంతో నేను వాదించట్లేదు. కానీ ఆ జీవో ఎందుకు పుట్టిందో ఆ అవసరం కొట్టివేయబడలేదు కదా! పిల్లాడు మాట్లాడేది అర్థమయ్యే టీచరు ఉండాలి అనే అవసరం పాడేరులోనూ ఉంది, కంచరపాలెంలోనూ ఉంది.

ఇప్పుడు మా కష్టాలూ, మా డిమాండ్లూ నంబర్లు వేసి రాస్తున్నాను. దయచేసి నంబర్ల వారీగానే జవాబు ఇవ్వండి.

1. కాగితం లేదని ఏ పిల్లనీ వెనక్కి పంపొద్దు. ఇది మేం అడుక్కునే దయ కాదు, విద్యాహక్కు చట్టం సెక్షన్ 14లో వయసు రుజువు లేదని అడ్మిషన్ ఆపకూడదని ఉంది, సెక్షన్ 5లో టీసీ ఆలస్యమైందని ఆపకూడదని ఉంది, సెక్షన్ 4లో బడి మానేసిన పిల్లని వయసుకి తగ్గ క్లాసులో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని ఉంది. సెక్షన్ 9లో అయితే వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించడం స్థానిక సంస్థ బాధ్యత అని ప్రత్యేకంగా రాశారు. ఆధార్ లేదని స్కూల్ అడ్మిషన్ ఆపకూడదని 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కింద స్కూలు వాళ్లని అడిగితే, నంబర్ లేకపోతే ఆన్‌లైన్‌లో ఎక్కదండీ, ఎక్కకపోతే పుస్తకాలు రావు, మమ్మల్ని తిడతారు అంటున్నారు. అది కూడా నిజమే. తప్పు కంప్యూటర్ మీదకి నెట్టేసి ఆడపిల్ల ఇంట్లో ఉండిపోతుంది. ఆడపిల్ల అని ఎందుకన్నానంటే, మగపిల్లాడికి అడ్మిషన్ కోసం తండ్రి ఇంకో రోజు కూలి పోగొట్టుకుని అయినా తిరుగుతాడు, ఆడపిల్లని చంటోడిని చూసుకోమని ఇంట్లో ఉంచేస్తారు, రెండేళ్లు పోతే ఇంక అది బడికి రాదు. మాక్కావలసింది ప్రతి బడి గేటు మీద తెలుగు, ఒడియా, హిందీల్లో ఒక బోర్డు: కాగితాలు లేకపోయినా చేర్చుకుంటాం, చేర్చుకోకపోతే ఈ అధికారికి చెప్పండి అని, హోదా, ఆఫీసు ఫోన్ నంబర్‌తో.

2. అడ్మిషన్ రిజిస్టర్‌లో కులం కాలమ్ ఉంది, మతం కాలమ్ ఉంది, ఇంట్లో మాట్లాడే భాష ఏదో నిజంగా అడిగి రాసేవాళ్లు లేరు, అందరికీ తెలుగు అని నింపేస్తున్నారు. ఈ ఒక్క పని చేయడానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. ఒక్క వారం పెట్టి నగరంలో ప్రతి ప్రభుత్వ బడిలో ఏ భాష పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క తీయండి, బయట పెట్టండి. రెల్లి పిల్లల ఇంటి మాట ఒడియాకి దగ్గరగా ఉంటుందని, అది తెలుగు యాసే కదా అని కొట్టిపారేస్తే కుదరదని అప్పుడైనా తెలుస్తుంది. ఎస్సీ వర్గీకరణలో రెల్లి ఉపకులాలకి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు, మంచిదే, సంతోషం. కానీ ఆ 1 శాతం అందుకోవాలంటే ముందు పదో తరగతి దాకా చేరాలి, ఒకటో తరగతిలోనే నోరు మూతపడిన పిల్లలు అక్కడిదాకా ఎలా వస్తారు?

3. పదిమంది కంటే ఎక్కువ వేరే భాష పిల్లలున్న ప్రతి ప్రాథమిక బడికీ ఒక భాషా సహాయకురాలిని ఇవ్వండి. పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. ఒడియా తెలుగు రెండూ వచ్చిన, ఇంటర్ చదివిన అమ్మాయిలు మా కాలనీలోనే ఉన్నారు, షాపింగ్ మాల్‌లో నిలబడి చీరలు మడతపెడుతున్నారు. గౌరవ వేతనం ఇస్తే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒకటి, రెండు తరగతుల్లో టీచరు పక్కన ఉండి అర్థమయ్యేలా చెప్తారు. వాళ్లకి శిక్షణ ఇవ్వడానికి 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ ఊళ్లోనే ఉంది. గిడుగు గారు ఇంట్లో మనిషిని పెట్టుకుని చేసిన పని ఇంత పెద్ద నగరం చేయలేదా? తెలుగు నేర్పొద్దని ఎవరూ అనట్లేదు, తెలుగూ ఇంగ్లీషూ బాగా రావాలనే మా ఒడియా తల్లుల కోరిక కూడా, దానికి దారి వాళ్ల భాష మీంచి వేయండి అంటున్నాం అంతే.

4. టీచర్లని బోధనకి వదలండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు పనులు, ఎన్నికలు తప్ప వేరే పని చెప్పకూడదు. ఫోటోలు అప్‌లోడ్ చేయడం దాంట్లో లేదు.

5. ప్రైవేటు యాజమాన్యాలకి ఇది. 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలని సెక్షన్ 12(1)(సి) చెప్తోంది, మీ సంఘాలు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 2012 ఏప్రిల్‌లో అది చెల్లుతుందని తేల్చేశారు. సీటు ఇచ్చినవాళ్లకి నిజంగా థాంక్స్. కానీ కొన్నిచోట్ల జరుగుతున్నది ఏటంటే, సీటు ఉచితం అంటారు, తర్వాత పుస్తకాలకి, రెండు రకాల యూనిఫాంకి, బూట్లకి, యాక్టివిటీకి అని వసూలు చేస్తారు, కట్టలేక తల్లిదండ్రులే మధ్యలో మాన్పించేస్తారు, రికార్డులో మాత్రం వాళ్లంతట వాళ్లే మానేసినట్టు ఉంటుంది. ఈ పిల్లల్ని వేరే సెక్షన్‌లో కూర్చోబెట్టిన స్కూలు గురించి కూడా విన్నాం. 1896 నాటి ఆలోచన 2009 నాటి చట్టం కింద నడిపిస్తే ఎలాగండీ? ఇంకోటి, ఆన్‌లైన్ దరఖాస్తులో ఇంటి అడ్రస్ రుజువు అడుగుతారు. కొండవాలు మీద పట్టా లేని ఇంట్లో అద్దెకుండేవాడి దగ్గర ఏ రుజువుంటుంది? వార్డు సచివాలయంలో విచారించి ఇచ్చే కాగితం చాలని చెప్పండి. ఎంతమందిని చేర్చుకున్నారు, ఏడాది చివరికి ఎంతమంది మిగిలారు, ఈ రెండు అంకెలు స్కూలు వారీగా నోటీసు బోర్డు మీద పెట్టించండి.

6. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ట్రాన్స్‌ఫర్ అయిన ప్రతిసారీ పిల్లల చదువు దెబ్బతింటోందని 1963 నుంచి దేశమంతా ఒకే సిలబస్‌తో సెంట్రల్ స్కూళ్లు నడిపారు. ఈ ఊళ్లో నేవీ, పోర్టు, రైల్వే కుటుంబాలకి అవి ఎంత మేలు చేశాయో అందరికీ తెలుసు, చాలా మంచి ఆలోచన. మేస్త్రీకి కూడా ట్రాన్స్‌ఫర్ ఉంటుంది, ఆర్డర్ కాగితం ఉండదు అంతే. ఒక బిల్డింగ్ స్లాబు పడగానే మధురవాడ నుంచి పరవాడకి, అక్కడ్నుంచి ఇంకో జిల్లాకి. వాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెట్టే వీలుంది, ఊళ్లో పెద్ద కన్‌స్ట్రక్షన్ నడిచేచోట అవి తెరవండి, బిల్డర్ దగ్గర కూలీల లిస్టు తీసుకునేటప్పుడే పిల్లల లిస్టు కూడా తీసుకోండి. పిల్లాడు ఎంతవరకు చదివాడో ఒక పేజీలో రాసి తల్లి చేతికిస్తే చాలు, తర్వాతి బడి అక్కణ్నుంచి మొదలుపెడుతుంది. ఇప్పుడు జరుగుతున్నదేటంటే ప్రతి ఊళ్లోనూ మళ్లీ ఒకటో తరగతి. పదకొండేళ్ల పిల్లాడు ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోమంటే సిగ్గుపడి మానేసి తండ్రితో పాటు ఇసుక జల్లెడ పడతాడు, లేదా హార్బర్ దగ్గర చేపల బుట్టలు మోస్తాడు, మన కళ్ల ముందే.

7. పాఠాల్లో వీళ్లు కూడా కనపడాలి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వస్తే పిల్లలకి థింసా వేషం వేయించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టి అయిపోయిందనిపిస్తున్నాం. బహుళ సంస్కృతుల విద్య అనే దాన్ని 1970ల నుంచి ఒక శాస్త్రంగా నిలబెట్టిన వాళ్లలో ముఖ్యుడు జేమ్స్ బ్యాంక్స్ అని సియాటిల్ ప్రొఫెసర్. ఆయన చెప్పిన అన్నిటికంటే కింది మెట్టు సరిగ్గా ఇదే, పండగలూ, హీరోలూ, డాన్సులూ పెట్టి మిగతా పాఠం యథాతథంగా ఉంచేయడం. పై మెట్టు ఏటంటే పాఠమే వాళ్ల వైపు నుంచి కూడా చెప్పడం, ఎవరి కథ పుస్తకంలోకి వచ్చింది, ఎవరిది రాలేదు అని పిల్లలే అడిగేలా చేయడం, టీచరు చెప్పే పద్ధతి మార్చుకోవడం, బడి వాతావరణమే మారడం. దీనికి రాష్ట్ర పుస్తకాలు మారేదాకా ఆగక్కర్లేదు. సోషల్ పీరియడ్‌లో పోర్టు గురించి చెప్పేటప్పుడు దాన్ని కట్టిన కూలీలు ఎక్కణ్నుంచి వచ్చారో చెప్పొచ్చు, స్టీల్ ప్లాంట్ గురించి చెప్పేటప్పుడు భూములిచ్చి కాలనీలకి వెళ్లిన ఊళ్ల సంగతి చెప్పొచ్చు, జాలరి తాతని పిలిచి సముద్రం గురించి ఒక గంట మాట్లాడించొచ్చు. తన తాతకి క్లాసులో కుర్చీ వేశారని చూసిన పిల్లాడు ఆ రోజు నుంచి ముందు బెంచీకి వస్తాడు. ఇది నేను ఏ పుస్తకంలోనో చదివింది కాదు, సాయంత్రం క్లాసులో చూసిందే.

8. బడి దూరం. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. 2022లో జీవో 117 పేరుతో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లకి పంపడం మొదలుపెట్టినప్పుడు చిన్నపిల్లలు హైవే దాటాల్సి వస్తుందని అమ్మలు ఎంత గోల పెట్టారో గుర్తుందా? 2025లో ఆ జీవో తీసేశారు, కానీ అప్పుడు మానేసిన పిల్లలు వెనక్కి వచ్చారో లేదో ఎవరైనా ఇంటింటికీ వెళ్లి చూశారా? ముందది చూడండి. మళ్లీ ఎక్కడైనా బడి మార్చాలంటే మా కమిటీని కూర్చోబెట్టి అడగండి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని సెక్షన్ 21 అంటోంది, సంతకాలకి మాత్రమే పిలిస్తే ఎలా.

9. చివరిగా అర్జీల సంగతి. సెక్షన్ 32 కింద పిల్లల హక్కు మీద రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే స్థానిక సంస్థ మూడు నెలల్లో, మా మాట విని, తేల్చాలి. వినకుండా పరిష్కరించబడినది అని మెసేజ్ పంపడం తేల్చడం కాదు. మా అర్జీ మళ్లీ తెరవండి. ఈసారి ఏ పాయింట్ ఎందుకు ఒప్పుకున్నారో, ఏది ఎందుకు కుదరదో కాగితం మీద రాసివ్వండి. కుదరదని రాసినా పర్లేదు, ఆ కాగితం పట్టుకుని బాలల హక్కుల కమిషన్‌కి ఎలా వెళ్లాలో మేం చూసుకుంటాం.

డబ్బుల్లేవు అనే మాట వస్తుందని తెలుసు. పైన రాసినవాటిలో 1, 2, 4, 7, 9కి దాదాపు ఖర్చే లేదు, ఒక సర్క్యులర్ చాలు. 3కీ 6కీ ఖర్చుంది, ఒప్పుకుంటాను. ముందు ఒక వార్డులో, భాషలు ఎక్కువ కలిసిన వార్డు ఏదైనా ఎంచుకుని, ఒక్క విద్యా సంవత్సరం చేసి చూడండి. మా కాలనీ నుంచి మనుషుల్ని మేం ఇస్తాం.

బళ్లు జూన్‌లో తెరుస్తారు కాబట్టి అడ్మిషన్ల బోర్డు, భాషల లెక్క, ఈ రెండూ ఆ లోపే జరగాలి, మిగతావి తర్వాతైనా. మాట్లాడ్డానికి మీరే కాలనీకి రండి, మేం రెడీ. పొద్దున్న 11 గంటలకి మాత్రం మీటింగ్ పెట్టకండి, ఆ టైంకి అందరూ పనుల్లో ఉంటారు, ఎవరూ రాలేదని రాసుకుని వెళ్లిపోతారు. సాయంత్రం 7 దాటాక రండి, కమ్యూనిటీ హాల్ తాళం మా దగ్గరే ఉంటుంది, ఒడియా, కువి మాట్లాడేవాళ్లని తర్జుమా కోసం మేమే కూర్చోబెడతాం.

ఇట్లు,
కొండవాలు కాలనీ తల్లిదండ్రుల తరఫున, సాయంత్రం బడి నడిపే ఒక కమిటీ సభ్యుడు,
విశాఖపట్నం